లెక్కల పరీక్షకు ఏ సూత్రాలు తప్పనిసరి? అన్నీ బట్టీ పట్టాలా?

నీలిపెన్ను
హైస్కూలు ఫైనల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. సూత్రాలన్నీ ఒకచోట రాసుకుందామని కూర్చుంటే పేజీలకు పేజీలు అవుతున్నాయి. ఆన్‌లైన్‌లో చార్టులు చూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో లిస్టు. క్షేత్రమితి ఒక్కటే తీసుకున్నా స్థూపం, శంకువు, గోళం, అర్ధగోళం, మళ్లీ ఒక్కోదానికి ప్రక్కతల వైశాల్యం, సంపూర్ణతల వైశాల్యం, ఘనపరిమాణం. రాత్రి చదివినవి పొద్దున రాయబోతే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. నిజంగా కంఠతా రావాల్సినవి ఏవి, హాల్లో అప్పటికప్పుడు రాబట్టుకోగలిగేవి ఏవి? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

తొమ్మిదోఎక్కం
అన్నీ బట్టీ పట్టడమే. హాల్లో రాబట్టుకుంటూ కూర్చోడానికి టైమ్ ఎక్కడుంది?

చివరిబెంచి
మా క్లాసులో కూడా ఇదే గొడవ. ఫాలో అవుతున్నా.

రాత్రిబడి
అన్నీ బట్టీ పడితే నీలిపెన్ను చెప్పినట్టే కలిసిపోతాయి. నేను ట్యూషన్ చెప్తాను. పిల్లల చేత సూత్రాలను రెండు కుప్పలు చేయిస్తాను.

రాబట్టడానికి సమయం పట్టేవి మొదటి కుప్ప. వర్గ సమీకరణం మూలాల సూత్రం, అంకశ్రేఢిలో ఎన్నో పదం, మొత్తం, విభజన సూత్రం, వర్గీకృత దత్తాంశానికి మధ్యగతం, బాహుళకం, శంకువు, గోళం ఘనపరిమాణాలు. ఇవి నిద్రలో లేపి అడిగినా రావాలి.

రెండో కుప్ప, వాటి నుంచి ఒకటి రెండు లైన్లలో వచ్చేసేవి. త్రికోణమితిలో సైన్² + కాస్² = 1 ఒక్కటి తెలిస్తే చాలు. మొత్తాన్ని కాస్²తో భాగిస్తే టాన్² + 1 = సెక్². సైన్²తో భాగిస్తే 1 + కాట్² = కొసెక్². దూర సూత్రం అంటే పైథాగరస్ సిద్ధాంతమే, కొత్తది కాదు. మధ్యబిందువు అంటే విభజన సూత్రంలో నిష్పత్తి 1:1 పెట్టడమే. స్థూపం సంపూర్ణతల వైశాల్యానికి బొమ్మ చూస్తే చాలు: చుట్టూ ఉన్నది 2 పై ఆర్ హెచ్, మూతా అడుగూ కలిపి 2 పై ఆర్². రెండూ కూడితే 2 పై ఆర్ (ఆర్ + హెచ్).

ఇలా విడగొడితే లిస్టు సగానికి పడిపోతుంది.

తొమ్మిదోఎక్కం
రాత్రిబడి గారూ, ఇంట్లో ప్రశాంతంగా కూర్చుని రాబట్టడం వేరు, గడియారం చూసుకుంటూ రాబట్టడం వేరు. సెక్² నుంచి టాన్² వస్తుందని తెలిసినవాళ్లే కంగారులో ప్లస్, మైనస్ తారుమారు చేస్తారు. 1 − సెక్² = టాన్² అని రాసిన పేపర్లు మీరూ చూసే ఉంటారు.

రాత్రిబడి
చూశాను. ఆ పిల్లలు బట్టీ పట్టినవాళ్లే. రాబట్టడం వచ్చినవాళ్లు అనుమానం రాగానే కాస్²తో భాగించి సరిచూసుకుంటారు. బట్టీ పట్టినవాళ్లకు సరిచూసుకునే దారే లేదు.

విచక్షణి_సున్నా
అనుమానం వస్తే 45 డిగ్రీలు పెట్టి చూడండి. టాన్ 45 = 1, సెక్ 45 = రూట్ 2. సెక్² అంటే 2, టాన్² అంటే 1. కాబట్టి 1 + టాన్² = సెక్². చిటికెలో తేలిపోతుంది. ఏ సర్వసమీకరణానికైనా ఇలా ఒక విలువ పెట్టి చూడొచ్చు. విలువ పెడితే సరిపోయినంత మాత్రాన సూత్రం నిజమని రుజువైనట్టు కాదు కానీ, సరిపోకపోతే మాత్రం తప్పు అని ఖాయం.

చివరిబెంచి
ఇది సూపర్. (ఏ + బి)² = ఏ² + బి² అని రాసేవాళ్లకు కూడా చెప్పాలి. 3, 4 పెడితే ఎడమవైపు 49, కుడివైపు 25. ఆ 2ఏబిని ఎక్కడ దాచేస్తారో!

నీలిపెన్ను
రాత్రిబడి సార్, రెండు కుప్పల పద్ధతి నచ్చింది. కానీ వర్గ సమీకరణం సూత్రం నాకు గుర్తే ఉండదు. కింద 2ఏ మొత్తానికా, రూట్‌కి మాత్రమేనా అని ప్రతిసారీ డౌటు.

రాత్రిబడి
మొత్తానికి. ఎక్స్ = (−బి ± రూట్ (బి² − 4ఏసి)) / 2ఏ. గీతను −బి కింద నుంచే మొదలుపెట్టి చివరిదాకా లాగండి. గీత పొట్టిగా గీయడం వల్లే ఈ తప్పు వస్తుంది. దీన్ని రాబట్టాలంటే పూర్ణవర్గం చేయాలి, ఐదారు లైన్లు పడుతుంది. అందుకే మొదటి కుప్పలో పెట్టాను.

గీతాగణితం
ఐదారు లైన్లు అక్కర్లేదండీ. మొదట్లోనే ఏతో భాగిస్తే భిన్నాలు వచ్చి చిరాకవుతుంది. భాగించకుండా 4ఏతో గుణించి చూడండి.

ఏఎక్స్² + బిఎక్స్ + సి = 0
4ఏ²ఎక్స్² + 4ఏబిఎక్స్ = −4ఏసి
రెండువైపులా బి² కలిపితే (2ఏఎక్స్ + బి)² = బి² − 4ఏసి

అంతే, వర్గమూలం తీసి ఎక్స్‌ను ఒంటరిగా చేస్తే సూత్రం వచ్చేసింది. ఎక్కడా భిన్నం లేదు. ఇది మన శ్రీధరాచార్యుడి పద్ధతి. ఆయనకు ముందు బ్రహ్మగుప్తుడు 628లోనే వర్గ సమీకరణం సాధించే నియమం చెప్పాడు. 2ఏ మొత్తానికి ఎందుకు వస్తుందో మూడో లైన్ చూస్తే తెలిసిపోతుంది, ఎందుకంటే బిని అవతలికి పంపాకే 2ఏతో భాగిస్తాం.

నీలిపెన్ను
అయ్యో, ఇంత సింపులా! 4ఏతో గుణించాలని మాకెవరూ చెప్పలేదు.

విచక్షణి_సున్నా
నా పేరు పెట్టుకున్న సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా. ముందు బి² − 4ఏసి (దీన్నే విచక్షణి అంటారు) ఒక్కటే విడిగా లెక్కకట్టండి. సున్నా కంటే ఎక్కువైతే రెండు వేర్వేరు వాస్తవ మూలాలు, సున్నా అయితే రెండూ ఒకటే, తక్కువైతే వాస్తవ మూలాలు లేవు. తక్కువ వచ్చిందంటే అక్కడితో ఆపేయొచ్చు, రూట్‌తో కుస్తీ అక్కర్లేదు. బిట్లలో నేరుగా దీన్నే అడుగుతారు.

రాత్రిబడి
దానికి తోడు సమాధానం సరిచూసుకోవడం కూడా నేర్చుకోవాలి. మూలాల మొత్తం −బి/ఏ, లబ్ధం సి/ఏ. ఉదాహరణకు 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 తీసుకోండి. విచక్షణి 49 − 24 = 25. మూలాలు (7 ± 5)/4, అంటే 3, 1/2. మొత్తం 7/2, లబ్ధం 3/2. రెండూ గుణకాలతో సరిపోయాయి. ఇక్కడ బి విలువ −7 కాబట్టి −బి అంటే +7. చాలామంది −7 అని రాసేసి మూలాలను −3, −1/2 తెచ్చుకుంటారు. మొత్తం సరిచూస్తే ఆ తప్పు వెంటనే దొరుకుతుంది.

తొమ్మిదోఎక్కం
సరిచూడటం గురించి ఒప్పుకుంటున్నా. కానీ క్షేత్రమితి? గోళం ఘనపరిమాణం 4/3 పై ఆర్³ ఎక్కడి నుంచి రాబడతారు ఈ స్థాయిలో? బట్టీయే కదా.

గీతాగణితం
రాబట్టలేకపోయినా, సంబంధం పట్టుకుని గుర్తుపెట్టుకోవచ్చు. వ్యాసార్ధం ఆర్, ఎత్తు కూడా ఆర్ ఉన్న శంకువు, అర్ధగోళం, స్థూపం పక్కపక్కన పెట్టుకోండి. ఘనపరిమాణాలు వరుసగా 1/3, 2/3, 3/3 పై ఆర్³. అంటే 1:2:3. అర్ధగోళం 2/3 అయితే పూర్తి గోళం 4/3. మూడు సూత్రాలు ఒకే వరుసలో కూర్చున్నాయి.

గోళం, దాన్ని సరిగ్గా పట్టే స్థూపం తీసుకుంటే (ఎత్తు 2ఆర్) ఘనపరిమాణంలోనూ, మొత్తం ఉపరితల వైశాల్యంలోనూ గోళం స్థూపంలో 2/3 వంతే. ఇది కనిపెట్టింది ఆర్కిమెడీస్. ఆయన సమాధి మీద ఈ బొమ్మే చెక్కారని చెప్తారు. సరిచూసుకోండి: స్థూపం సంపూర్ణతలం 2 పై ఆర్ (ఆర్ + 2ఆర్) = 6 పై ఆర్². అందులో 2/3 అంటే 4 పై ఆర్². అదే గోళం ఉపరితల వైశాల్యం.

చివరిబెంచి
1:2:3 ఇంత అందంగా ఉంటుందని తెలీదు. ఇంక మర్చిపోను.

పాపవాళ్లనాన్న
మా పాపకు సూత్రాలన్నీ నోటికి వచ్చు. అడిగితే గడగడా చెప్తుంది. కానీ లెక్క ఇస్తే ఏ సూత్రం వాడాలో తెలియక అలా కూర్చుండిపోతుంది. దీనికేమైనా మందుందా?

రాత్రిబడి
అసలు సమస్య ఇదే, పాపవాళ్లనాన్న గారూ. సూత్రం పక్కన అక్షరాలు దేనికి నిలబడ్డాయో, ఎప్పుడు వాడాలో రాయకపోతే చార్టు ఉన్నా లేనట్టే. ఒక లెక్క చెప్తాను, పాప చేత చేయించండి.

అర్ధగోళం మీద శంకువు అతికించిన బొమ్మ. రెండింటి వ్యాసార్ధం 7, శంకువు ఎత్తు 24. బయటి ఉపరితల వైశాల్యం ఎంత?

సూత్రాలు మాత్రమే వచ్చిన పిల్లలు శంకువు సంపూర్ణతలం 704, అర్ధగోళం సంపూర్ణతలం 462, కలిపి 1166 అంటారు. కానీ అతికించిన చోట రెండు వృత్తాలూ లోపల దాగిపోయాయి, బయటికి లేవు. ఏటవాలు ఎత్తు 25 (49 + 576 = 625 కాబట్టి). శంకువు వక్రతలం 22/7 × 7 × 25 = 550. అర్ధగోళం వక్రతలం 2 × 22/7 × 49 = 308. సమాధానం 858 చదరపు యూనిట్లు. సూత్రాలన్నీ సరిగ్గా వాడి కూడా తప్పు సమాధానం తెచ్చుకోవచ్చని పిల్లలకు ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

పాపవాళ్లనాన్న
ఇప్పుడే ఇచ్చాను. 1166 అంది. బొమ్మ గీయమన్నాను. గీసి, వేలితో చుట్టూ తడిమి, తనే రెండు వృత్తాలు కొట్టేసింది. చాలా థాంక్సండీ.

విచక్షణి_సున్నా
👏👏

తొమ్మిదోఎక్కం
ఏటవాలు ఎత్తు అన్నారు కాబట్టి ఇంకోటి. శంకువు ఘనపరిమాణానికి నిట్ట ఎత్తు హెచ్, వక్రతలానికి ఏటవాలు ఎత్తు ఎల్. ఈ రెండూ మార్చేసేవాళ్లు కోకొల్లలు. ప్రశ్నలో వ్యాసం ఇస్తే వ్యాసార్ధం అనుకుని వేసేవాళ్లు అంతకంటే ఎక్కువ. ముందు ‘ఆర్ = , హెచ్ = , ఎల్ = ’ అని మూడు లైన్లు రాసుకుని ఆ తర్వాతే సూత్రం జోలికి వెళ్లాలి.

గీతాగణితం
నిజం. యూనిట్లు కూడా. చదరపు మీటరుకు 10,000 చదరపు సెంటీమీటర్లు, ఘనపు మీటరుకు 10,00,000 ఘనపు సెంటీమీటర్లు. వంద అనుకుంటే మొత్తం పోతుంది. 1000 ఘనపు సెంటీమీటర్లు ఒక లీటరు. ఇంకో చిట్కా: వైశాల్యం సూత్రంలో పొడవులు రెండు గుణించుకోవాలి, ఘనపరిమాణంలో మూడు. 2 పై ఆర్, పై ఆర్² మధ్య అయోమయం వస్తే పొడవులు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే అది చుట్టుకొలత.

నీలిపెన్ను
విభజన సూత్రంలో ఎం1ని ఎక్స్1తో గుణించాలా ఎక్స్2తోనా? ఇది కూడా ప్రతిసారీ తారుమారు అవుతోంది.

విచక్షణి_సున్నా
ఎం1ని ఎక్స్2తో, ఎం2ని ఎక్స్1తో. అడ్డంగా. ఎందుకో తెలిస్తే మర్చిపోరు. (1, 2), (7, 5) కలిపే రేఖాఖండాన్ని 2:1లో విభజించాలి అనుకోండి. మొదటి బిందువు నుంచి రెండు వంతులు నడిచారంటే రెండోదానికి దగ్గరగా ఉంటారు. కాబట్టి రెండో బిందువుకు ఎక్కువ బరువు, అంటే 2 పడాలి. (14 + 1)/3 = 5, (10 + 2)/3 = 4. సమాధానం (5, 4), (7, 5)కి దగ్గరగానే ఉంది. తిప్పి రాస్తే (3, 3) వస్తుంది, అది మొదటి బిందువుకు దగ్గర. చిన్న బొమ్మ గీస్తే తప్పు కంటికి కనిపిస్తుంది.

చివరిబెంచి
అంకశ్రేఢి మొత్తానికి రెండు సూత్రాలు ఉన్నాయి కదా, ఏది వాడాలి?

గీతాగణితం
చివరి పదం తెలిస్తే ఎన్/2 (మొదటి పదం + చివరి పదం). తెలియకపోతే ఎన్/2 (2ఏ + (ఎన్ − 1)డి). రెండూ ఒకటే, చివరి పదం బదులు ఏ + (ఎన్ − 1)డి పెట్టారంతే. శ్రేఢిని తిరగేసి కింద రాసి నిలువునా కూడండి. ప్రతి జతా ఒకే మొత్తం, ఎన్ జతలు, రెండుసార్లు కూడాం కాబట్టి సగం. మొదటి పదం 7, సామాన్య భేదం 3, పదాలు 20 అయితే చివరి పదం 64, మొత్తం 10 × 71 = 710.

తొమ్మిదోఎక్కం
పదాల సంఖ్య దగ్గర జాగ్రత్త. 3తో భాగించబడే రెండంకెల సంఖ్యలు 12 నుంచి 99 దాకా. 87/3 = 29 అని ఆపేస్తారు. 1 కలపాలి, 30.

నీలిపెన్ను
సాంఖ్యక శాస్త్రం అయితే పూర్తిగా బట్టీయేనా?

రాత్రిబడి
బాహుళకం సూత్రం బట్టీయే అనుకోండి: ఎల్ + (ఎఫ్1 − ఎఫ్0)/(2ఎఫ్1 − ఎఫ్0 − ఎఫ్2) × హెచ్. ఇక్కడ ఎల్ అంటే తరగతి దిగువ హద్దు, హెచ్ తరగతి పొడవు, ఎఫ్1 బాహుళక తరగతి పౌనఃపున్యం, ఎఫ్0 దాని ముందు తరగతిది, ఎఫ్2 తర్వాతి తరగతిది. మధ్యగతం మాత్రం అర్థంతో వస్తుంది. ఎల్ + (ఎన్/2 − సిఎఫ్)/ఎఫ్ × హెచ్. మధ్యగత తరగతి మొదలయ్యే చోటు నుంచి, ఇంకా కావాల్సినంతమందికి సరిపడా లోపలికి జరుగుతున్నాం. అందుకే సిఎఫ్ (సంచిత పౌనఃపున్యం) ఎప్పుడూ ముందు తరగతిది. మొత్తం 40 మంది, మధ్యగత తరగతి 20–30, దాని పౌనఃపున్యం 16, ముందు తరగతి దాకా సంచిత పౌనఃపున్యం 12 అనుకోండి. 20 + (20 − 12)/16 × 10 = 25.

మధ్యగత తరగతి సంచిత పౌనఃపున్యం 28 వేస్తే 15 వస్తుంది. 20–30 తరగతిలో మధ్యగతం 15 ఎలా ఉంటుంది? సమాధానం తరగతి బయట పడిందంటే సూత్రంలో ఏదో తప్పు వేసినట్టే.

చివరిబెంచి
బాహుళకం = 3 మధ్యగతం − 2 సగటు అని ఒకటుంది కదా, దాంతో బాహుళకం లాగేస్తే పోలేదా?

విచక్షణి_సున్నా
అది ఉజ్జాయింపు సంబంధం మాత్రమే, ప్రతి దత్తాంశానికీ కచ్చితంగా సరిపోదు. ప్రశ్నలో ఆ సంబంధం వాడమంటేనే వాడండి. పట్టిక ఇచ్చి బాహుళకం అడిగితే అసలు సూత్రమే.

పాపవాళ్లనాన్న
త్రికోణమితి విలువల పట్టిక కూడా మా పాప నోటికి చెప్తుంది కానీ సైన్ 30, సైన్ 60 తారుమారు చేస్తుంది.

చివరిబెంచి
మాకు ఒక సీనియర్ అక్క చెప్పింది. 0, 30, 45, 60, 90కి వరుసగా రూట్ 0, రూట్ 1, రూట్ 2, రూట్ 3, రూట్ 4 రాసి అన్నింటినీ 2తో భాగించాలి. అవే సైన్ విలువలు. తిరగేస్తే కాస్. సైన్‌ను కాస్‌తో భాగిస్తే టాన్. టాన్ 90 దగ్గర కింద సున్నా వస్తుంది, నిర్వచించలేం.

గీతాగణితం
దానికి బొమ్మ కూడా ఉంది. భుజం 2 ఉన్న సమబాహు త్రిభుజాన్ని మధ్యకు కోస్తే 1, రూట్ 3, 2 భుజాలు. చిన్న కోణం 30, దాని ఎదుటి భుజం 1. చిన్న కోణానికి చిన్న భుజం, కాబట్టి సైన్ 30 = 1/2. పాపకు ఈ త్రిభుజం గీయించండి, ఇక తారుమారు కాదు.

తొమ్మిదోఎక్కం
నేను మొదట అన్న మాట మీదే ఉన్నాను, సూత్రం చేతికి వెంటనే రావాలి. అయితే ఎలా రావాలన్నదే ప్రశ్న. చార్టు గోడకు అంటించి రోజూ చూస్తే రాదు. చూస్తున్నంతసేపూ వచ్చినట్టే అనిపిస్తుంది. ఖాళీ కాగితం తీసుకుని, పుస్తకం మూసేసి, గుర్తున్నవన్నీ రాయాలి. తర్వాత ఎర్రపెన్నుతో దిద్దుకోవాలి. రానివి మాత్రమే మర్నాడు మళ్లీ. వచ్చేవాటి మీద సమయం పెట్టొద్దు.

రాత్రిబడి
ఇందులో మీతో నూటికి నూరు శాతం ఏకీభవిస్తున్నా. ఇంకొకటి కలుపుతాను. ఒక అధ్యాయం లెక్కలన్నీ వరుసగా చేస్తే ఏ సూత్రమో ముందే తెలిసిపోతుంది, ఎంచుకునే పని ఉండదు. పరీక్షలో అలా ఉండదు కదా. పాత ప్రశ్నపత్రాల నుంచి కలగాపులగంగా లెక్కలు తీసి, ముందు ఏ సూత్రం వాడాలో మాత్రమే పక్కన రాయించండి, సాధించక్కర్లేదు. పాపవాళ్లనాన్న గారి పాపకు ఇది బాగా పనికొస్తుంది.

ఎర్రసున్నా
మాకు సూత్రాల పేజీ ప్రశ్నపత్రంతోనే ఇస్తారు. అప్పుడు ఇవన్నీ అవసరమా?

గీతాగణితం
కొన్ని పరీక్షల్లో ఇస్తారు, నిజమే. ఇచ్చినా ఎల్ ఏదో హెచ్ ఏదో, సిఎఫ్ ఏ తరగతిదో ఆ పేజీలో రాసి ఉండకపోవచ్చు. పైగా అందులో లేనివి కొన్ని ఉంటాయి. మీ పరీక్షకు ఇచ్చే పేజీ ముందే సంపాదించి, లేనివాటి మీద టిక్ పెట్టుకోండి. కంఠతా పట్టాల్సినవి అవే.

నీలిపెన్ను
ఇందాక ఖాళీ కాగితం మీద రాసి చూశాను. క్షేత్రమితిలో సెక్టర్ వైశాల్యం, చాపం పొడవు తప్ప మిగతావన్నీ వచ్చాయి!

విచక్షణి_సున్నా
ఆ రెండింటికీ సూత్రమే అక్కర్లేదు. పూర్తి వృత్తంలో ఎంత వంతు? కోణం / 360. ఆ వంతును పై ఆర్²తో గుణిస్తే వైశాల్యం, 2 పై ఆర్‌తో గుణిస్తే చాపం పొడవు. 90 డిగ్రీలైతే పావు వృత్తం, అంతే.

నీలిపెన్ను
ఓహ్ అవును కదా. చివరిగా ఒక్కటి. పై విలువ 22/7 వేయాలా 3.14 వేయాలా?

తొమ్మిదోఎక్కం
ప్రశ్నలో ఏది ఇస్తే అది. ఏమీ చెప్పకపోతే వ్యాసార్ధం చూడండి. 7, 14, 21, 3.5 లాంటివి ఉంటే 22/7, కొట్టివేత సులువు. 10, 20 లాంటివైతే 3.14. ఏది వాడారో మొదటి లైన్లోనే రాసేయండి. ‘పైలో రాయండి’ అంటే మాత్రం విలువ పెట్టకుండా అలాగే వదిలేయాలి.